చెమర్చని గోడ

మేఘవాటి రాజ్యంలో ఏడాదికి తొమ్మిది నెలలు వాన. మిగిలిన మూడు నెలలూ ఆ వాన కోసం మబ్బులు కూడుతుండేవి. అక్కడి జనం ఎండను దూరదేశపు చుట్టాన్ని తలుచుకున్నట్టు తలుచుకునేవారు. పెట్టెలో మడిచిన పట్టుబట్టకు బూజు, చెప్పులకు బూజు, నిన్న దంచిన కారానికి కూడా బూజు. ఆ చెమ్మదేశం నడుమ, నల్లకొండ నెత్తిన, నాలుగు వందల ఏళ్ళ నాటి తొమ్మిది బురుజుల కోట నిలబడి ఉంది. రెండేళ్ళ నుంచి ఆ కోట వజ్రంలా మెరుస్తోంది. గోడలన్నీ అద్దాలే. మబ్బులు వాటిలో ఈదేవి. ఒక్క కొంగల బారు ఎగిరితే తొమ్మిది బారులు ఎగిరినట్టుండేది. కొండ కింద పడవలు నడిపేవాళ్ళు తెడ్లు ఆపి మరీ చేతులెత్తి మొక్కేవారు.

కేతోజు మొక్కలేదు. భుజాన సాంబ్రాణి సంచీ, చేతిలో ఇనప గొలుసుకు వేలాడే నిప్పుల కుంపటి పట్టుకుని, తల వంచుకుని తూర్పు బురుజు గుమ్మం ముందు నిలబడ్డాడు. మొహానికి మసి, తలకు పాతగుడ్డ. చూసినవాళ్ళు పొగ వేసేవాడనే అనుకోవాలి. చెమ్మ పట్టిన గదులకు రోజూ పొగ వేయించడం ఆ కోటలో తాతలనాటి అలవాటు. పొగవాడు ఏ గదిలోకి పోయినా ఎవరూ అడగరు.

నిజానికి అతడు తాపీ పనివాడు. ఆ కుంపటిలో నిప్పుల అడుగున ఒక ఉలి ఉంది. ఆ బురుజు అడుగున అతడి తండ్రి ఉన్నాడు.

"ఓయ్ సాంబ్రాణీ! రోజూ వచ్చే ముసలాడేడీ?" అని అరిచాడు కావలివాడు పోలయ్య. మనిషి ఏనుగంత, జలుబు కూడా అంతే.

"మా పెదనాన్నకు నడుం పట్టింది మామా. ఈ ముసురుకు లేవలేకున్నాడు. పొగ ఆగితే మాట పడాలని నన్ను తోలాడు."

"నిన్ను చూస్తే పొగ పెట్టేవాడిలా లేవురా. పొగ పెడితే కలుగులోంచి ఉరికే ఎలకలా ఉన్నావు. ఎందుకట్టా వణుకుతున్నావు?"

"చలి మామా."

"చేతిలో నిప్పులు పెట్టుకుని చలేందిరా! సరే, పో. నా మంచం కింద రెండు మాట్లు ఎక్కువ తిప్పు. నల్లులు నన్ను కాస్త మిగిల్చి తింటున్నాయి."

కేతోజు గడప దాటాడు. సరిగ్గా అప్పుడే కోట ముంగిట మొదటి శంఖం మోగింది.

ఆనాడు యువరాణి కువలయకు పట్టాభిషేకం. పట్టం కట్టే ముందు తూర్పు బురుజు ఏడో అంతస్తు మీద మేఘభేరి మోగాలి. ఆ భేరి ఒక గుడిసెంత ఉంటుంది. ఆరుగురు మల్లులు దూలాన్ని ఊపి దాన్ని కొడతారు. మొదటి శంఖానికి భేరి కదులుతుంది. రెండో శంఖానికి పైకి చేరుతుంది. మూడో శంఖానికి మూడు దెబ్బలు. ఆ దెబ్బలకు పది క్రోసుల దూరంలో చెరువుల్లో నీళ్ళు వణుకుతాయని చెప్పుకునేవారు. నీళ్ళ సంగతి కేతోజుకు అక్కర్లేదు. ఈ గోడ ఆ మూడు దెబ్బలకు ఆగుతుందా?

అతడు కుంపటి మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, గోడ వారగా చుట్టుమెట్లు దిగసాగాడు. పొగ నీలంగా లేచి గోడను రాసుకుంటూ పాకింది. పదో మెట్టు దగ్గర ఉన్నట్టుండి ఒక పక్కకు వంగి, పాము పుట్టలోకి దూరినట్టు, మెట్టూ గోడా కలిసే చోట లోపలికి జారిపోయింది. కంటికి అక్కడ వెంట్రుకంత బీట కూడా కనబడదు. ఇరవయ్యో మెట్టు దగ్గర మళ్ళీ అంతే. ముప్ఫయ్యో మెట్టు దగ్గరా అంతే. మూడూ ఒకదాని కింద ఒకటి, గుండు కట్టి దారం వదిలినట్టు ఒకే వరసలో.

అది పైపై నెర్రె కాదు. పై అంతస్తు నుంచి పునాది దాకా, ఆ మెరుపు వెనక, గోడ నిలువునా రెండుగా విడిపోతోంది.

ఇదంతా మాంత్రికుడు స్ఫటికాక్షుడి చలవ. రెండేళ్ళ కిందటి వరకూ మేఘవాటి గోడలు చెమర్చేవి. మబ్బు పట్టిందంటే చాలు, చేత్తో తాకితే తడి. ఏటేటా వానలు తెరిపి ఇవ్వగానే ఊరు ఊరంతా బెల్లపు నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి గానుగ సున్నం నూరి, బీటలు పూడ్చి, గోడలకు కొత్త పూత వేసేవారు. చేతులు పొక్కేవి, కళ్ళు మండేవి. ఆ పనితో జనం విసిగిపోయి ఉన్న రోజుల్లో ఆ మాంత్రికుడు వచ్చాడు. తన వజ్రలేపం ఒక్కసారి పూస్తే నూరేళ్ళు గోడ చెమర్చదన్నాడు. పూశాడు. గోడ చెమర్చలేదు. అందరూ సంబరపడ్డారు. ఏడాదిన్నర దాటాక, కేతోజు తండ్రి, కోట మరమ్మతుల పెద్ద సూరోజు ఒక్కడే నిండు కొలువులో లేచి, "గోడ తాగిన నీరు గోడే కక్కుకోవాలి దొరా. చెమట పట్టిందని మనిషి తోలుకు తారు పూస్తామా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మరమ్మతు చేసినవాడి రక్తబంధువు ఒకరు ఆ గోడ కింద కూర్చుని అన్నం ముద్ద తింటుండగా ఊతకర్రలు తీయాలని తాపీవాళ్ళ ఆనవాయితీ. స్ఫటికాక్షుడి గోడ కింద ఎవరు ముద్ద తిన్నారు, అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగా సూరోజును అదే గోడకు గొలుసు వేసి కట్టేశారు. ఇది జరిగి నాలుగు నెలలు.

అడుగు గది గుహలా ఉంది. ఎత్తున ఒక చిన్న కిటికీ, దాని చువ్వల్లోంచి బూడిదరంగు పగటి వెలుతురు. ఒక గోడంతా అద్దం. ఆ అద్దం లోతున రెండు వెండి కళ్ళు చేపల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి. దాని మొదట, ఏనుగు గొలుసు కాలికి తగిలించుకుని, గడ్డం మాసి జుట్టు మొహాన పడిన ముసలివాడు చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆకులో తినకుండా వదిలేసిన అన్నం.

సూరోజు తలెత్తి చూశాడు. కొడుకును గుర్తుపట్టాడు. అయినా మొహంలో ఒక్క గీతా కదల్లేదు.

"దోమలు చంపుతున్నాయి నాయనా. పొగ కాస్త దట్టంగా వెయ్యి. ఆ గోడకు మరీ దట్టంగా" అన్నాడు, ముక్కూ మొహం తెలియనివాడితో అన్నట్టు.

కేతోజు సంచీలో సగం కుంపటిలో కుమ్మరించాడు. పొగ సుడి తిరిగి లేచింది. అద్దం మసకబారింది. వెండి కళ్ళు రెప్పలార్పి, నీళ్ళు కారి, మాయమయ్యాయి.

"ఇక మాట్లాడు. పొగ పట్టినంతసేపు ఆ మాంత్రికుడికి ఈ గోడ గుడ్డిది" అన్నాడు సూరోజు.

"నాయనా, నీటిగుమ్మం మెట్ల కింద, ఏటిలో పడవ కట్టేసి వచ్చాను. లే. గొలుసు కోసేస్తాను."

"ఇది ఏనుగు గొలుసురా. కోయడానికి రెండు రోజులు పడుతుంది. నీ దగ్గర ఎంతసేపుంది?"

దానికి జవాబుగా రెండో శంఖం మోగింది. ఎక్కడో పైన, ఏడు అంతస్తుల ఎత్తున, పెద్ద బరువు దిగిన చప్పుడు. అద్దపు గోడ సన్నగా మూలిగింది.

"అయితే గొలుసు వద్దు. గోడకున్న కొక్కెం పెరికేస్తాను" అంటూ కేతోజు గొలుసు రెండో కొస వైపు ఉరికాడు.

"ఆగు!" సూరోజు గొంతు కొరడాలా మోగింది. "చెయ్యి పెట్టకు. ముందు చెవి పెట్టు."

కేతోజు గోడకు చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టాడు. తిరగలి రాయిలా గట్టిగా పలకవలసిన గోడ నీళ్ళ కుండలా పలికింది. లోపల ఎక్కడో బురద గుడగుడలాడింది.

"పైన పిట్టగోడ పగిలి ఒక వానాకాలమంతా నీళ్ళు దిగాయి" అన్నాడు సూరోజు, బడిలో పాఠం చెప్పినట్టు నిదానంగా. "బయటకు రానివ్వకుండా వాడి లేపనం మూసింది. రెండు రాతి ముఖాల మధ్య ఉన్న సున్నమూ కంకరా నాని గుజ్జయిపోయాయి. ఈ కొక్కెం ఉత్త కొక్కెం కాదు. ఇవతలి ముఖం నుంచి అవతలి ముఖం దాకా పోయిన ఇనప కడ్డీ చివర. ఆ రెండింటినీ పట్టి ఉంచింది ఇదొక్కటే. పెరికావో, నేనూ నువ్వూ పైనున్న రెండొందల మందీ ఈ గుజ్జులో కలుస్తాం."

"మరేం చేద్దాం?"

"గోడ కడుపులో నీరు దించాలి. దానికి ఊత పెట్టాలి. ఆ తరవాతే కొక్కెం. ఆ వరస తప్పకూడదు. మీ అన్న..." సూరోజు అక్కడ ఆగాడు. కేతోజు అన్న ఊతకర్ర ఒక ఘడియ ముందు లాగి, గోడ కింద పోయి ఆరేళ్ళయింది. ఆ పేరు తండ్రీ కొడుకుల మధ్య పలికి కూడా అంతే కాలమయింది. "వరస తప్పకూడదు" అని మళ్ళీ అన్నాడు ముసలివాడు.

అంతలో మెట్ల మీద ఏనుగు దిగివస్తున్నట్టు అడుగులు. పొగను చీల్చుకుంటూ ముందు ఈటె వచ్చింది, వెనక తుమ్ము వచ్చింది, ఆ తరవాత పోలయ్య వచ్చాడు.

"ఖైదీతో కబుర్లా! నేనప్పుడే అనుకున్నా, ఎలకవేనని. కదిలితే పొడిచేస్తా!"

ఈటె మొన కేతోజు గొంతుకు తగిలింది. అతడు కదల్లేదు. "పొడుద్దువుగాని మామా. ఒక్కసారి ఆ గోడకు చెవి పెట్టు. నీ మంచం దీని పైనే కదా వేసుకుంటావు?"

"నా మంచంతో నీకేం పని?"

"రాత్రిళ్ళు పడుకున్నప్పుడు ఏదన్నా వినబడుతుందా?"

పోలయ్య ముక్కు తుడుచుకున్నాడు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. "వినబడుతుంది. ఎవరో పుక్కిలించినట్టు. నా ముక్కేలే అనుకున్నా" అంటూ, ఈటె దించకుండానే, ఒక చెవి గోడకు ఆనించాడు. అతడి మొహంలో రంగు పైనుంచి కిందకు దిగిపోయింది. కేతోజు మొలలోంచి తూకపు గుండు తీసి దారం వదిలాడు. గుండు నిలిచింది. పైన గోడను రాసుకుంటున్న దారం మోకాలి దగ్గర నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఆ గోడ నాలుగు వేళ్ళు లోపలికి ఒరిగి ఉంది.

"నాకు అబద్ధం చెప్పడం రాదని కాదు మామా. గుండుకు రాదు."

"ఓరి దేవుడో" అన్నాడు పోలయ్య. "ఈ గోడ కింద నేను ఎన్ని సంకటి ముద్దలు తిన్నానురా!"

"నువ్వు తింటే చాలదు. కట్టినవాడి మనిషి తినాలి" అన్నాడు సూరోజు. "పెరట్లో భేరిని పైకి లాగిన దుంగలు పడున్నాయా?"

"ఉన్నయి. మద్ది దుంగలు. మూడు."

"తేగలవా?"

పోలయ్య ఈటెను మూలకు విసిరి, జవాబు చెప్పకుండానే పైకి పరుగెత్తాడు.

కేతోజు కుంపటి అడుగు నుంచి ఉలి తీశాడు. అది ఎర్రగా కాగి ఉంది. పాతగుడ్డ చుట్టి పట్టుకుని, నడుమెత్తున గోడకు ఆనించాడు. కోటలో గొడ్డళ్ళు విరిగాయి, గునపాలు వంగాయి, కానీ వజ్రలేపానికి గీత పడలేదని పేరు. ఇప్పుడు ఆ లేపనం ఉలి మొనకు వెన్నలా కరిగి, కుళ్ళిన చేపల వాసన వేసింది. దాచడానికి నిప్పుల్లో పెట్టిన ఉలి, తనకు తెలియకుండానే దాని మర్మం పట్టుకుంది.

"కింద పొడవకు. కింద ఒత్తిడి ఎక్కువ, ఒక్కసారి తెగుతుంది. నడుం దగ్గర మొదలెట్టు. చీల సిద్ధంగా పెట్టుకో. చూపుడు వేలంత ధార కంటే మించనివ్వకు" అన్నాడు సూరోజు.

ఉలి లోపలికి దిగింది. నల్లటి నీరు చిమ్మింది. కేతోజు సంచీ అడుగున దాచి తెచ్చిన చెక్క చీలతో కన్నం సగం మూశాడు. ఒకటి. జానెడు పక్కగా రెండు. మూడు. గది నేల మీద నీళ్ళు చీలమండ దాకా చేరాయి. గోడ కడుపు లోపల ఏదో జారింది. ఒక రాయి ఇంకో రాయి మీద ఒరుసుకున్న చప్పుడు. కేతోజు ఉలి ఆపి చెవి పెట్టాడు. చప్పుడు ఆగింది.

పోలయ్య మొదటి దుంగను మెట్ల మీద దొర్లించుకుంటూ, దాని వెనకే దొర్లుతూ వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. రెండో దుంగ. మూడో దుంగ. కేతోజు నేల మీద పలక వేసి, దుంగ మొదలు దాని మీద నిలిపి, తల గోడ పొట్టకు ఆనించి, చీలలు బిగించాడు. కుడిది బిగించాడు. నడిమిది బిగించాడు. ఎడమది బిగిస్తుండగా సాంబ్రాణి అయిపోయింది.

పొగ పలచబడింది. మసక అద్దంలో ఒక వెండి కన్ను తెరుచుకుంది.

"నా కంటికి పొగ పెట్టిందెవరు?" గోడ మాట్లాడింది. ఆ గొంతు గాజు మీద గోరు గీసినట్టుంది.

పోలయ్య గబుక్కున ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "నేనేనండి ప్రభూ. నల్లులండి."

"నల్లుల కోసం దుంగలు తెచ్చావా?"

"పెద్ద నల్లులండి."

అద్దం మీద అలలు లేచాయి. మోచేతి దాకా ఒక చెయ్యి, స్ఫటికంలా తెల్లగా, లోపలి ఎముకలు కనబడుతూ, గోడలోంచి బయటికి వచ్చింది. అది కేతోజు మీదికి పోలేదు. సూటిగా కొక్కేన్ని పట్టుకుంది. "ఈ కడ్డీ నేనే లాగేస్తాను. ఒక సాక్షి తగ్గుతాడు" అంది గొంతు.

సరిగ్గా ఆ క్షణంలో మూడో శంఖం మోగింది.

"చీల!" అన్నాడు సూరోజు. ఎడమ దుంగ ఇంకా వదులుగానే ఉంది. కేతోజు రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. వాటిని తీస్తే దుంగ పడుతుంది. తీయకపోతే కొక్కెం పోతుంది.

పైన మేఘభేరి మొదటి దెబ్బ తిన్నది.

అది చప్పుడు కాదు. నేల ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. కన్నాల్లోంచి నీళ్ళు బారెడు దూరం చిమ్మాయి. గోడ పొట్ట దుంగల మీద ఒరిగింది. కుడిది మూలిగి ఆగింది. నడిమిది మూలిగి ఆగింది. ఎడమది జారింది. కేతోజు భుజం పెట్టాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

"మామా, కుంపటి!" అని అరిచాడు.

పోలయ్య కుంపటిని గొలుసుతో సహా ఎత్తి, నిప్పులన్నీ ఆ స్ఫటికపు చేతి మీద బోర్లించాడు. చెయ్యి సలసల కాగి, వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి, గోడలోకి వెనుదిరిగింది. దానితో పాటే కొక్కెం చుట్టూ బిగిసిన లేపనం కరిగి కారింది. గోడ లోపల ఎవరో కెవ్వుమన్నారు. ఆ కేక పక్క బురుజుకు, ఆ పక్క బురుజుకు, కోట చుట్టూ పాకుతూ దూరమయింది.

"ఇప్పుడు బిగించు" అన్నాడు సూరోజు. కేతోజు ఎడమ చీల కొట్టాడు. ఒక దెబ్బ, రెండు, మూడు. దుంగ పలికింది. ఆ పలుకు విని ముసలివాడు తల ఊపాడు. "ఇప్పుడు కొక్కెం."

"ఇంకా రెండు దెబ్బలున్నాయి నాయనా. అవి అయిపోనీ."

"నీళ్ళు దిగాయి, ఊత పడింది. నీ పని మీద నీకు నమ్మకముందా లేదా?"

కేతోజు దుంగలు మూడూ మరోసారి తట్టి చూశాడు.

సూరోజు ఆకు దగ్గరకు లాక్కున్నాడు. చల్లారిన అన్నం ఒక ముద్ద చేశాడు. ఒరిగిన గోడకు వీపు ఆనించి కూర్చుని, ఆ ముద్ద నోట్లో పెట్టుకుని నమలసాగాడు. "పుల్లబడింది" అన్నాడు. "కానివ్వు."

కేతోజు రెండు చేతులతో కొక్కెం పట్టుకుని, మంత్రసాని బిడ్డను లాగినంత మెల్లగా తిప్పుతూ లాగాడు. బారెడు. ఇంకో మూరెడు. రెండో దెబ్బ పడింది. గోడ కిందికి ఒక వేలెడు కుంగింది. పైనుంచి సున్నపు గడ్డలు సూరోజు నెత్తి మీద రాలాయి. ఆయన రెండో ముద్ద తీసుకున్నాడు. కడ్డీ చివర బయటపడింది. రాళ్ళు ఒకదానికొకటి సర్దుకుని, దుంగల మీద బరువు వేసి, నిలిచాయి. నిలిచే ఉన్నాయి.

మూడో దెబ్బకు ఏమీ కాలేదు. అద్దపు లేపనం ఒక పెద్ద పొరగా ఊడి నీళ్ళలో పడింది. దాని వెనక నల్లటి పాత రాళ్ళు. రాళ్ళ మీద చిన్న చిన్న బిందువులు పొడుచుకొస్తున్నాయి. రెండేళ్ళ తరవాత ఆ గోడ చెమర్చింది.

పోలయ్య నీళ్ళలో చతికిలబడి ఏడ్చాడు. తరవాత లేచి, పైనున్నవాళ్ళను దింపడానికి మెట్లెక్కి పరుగెత్తాడు. కేతోజు తండ్రిని గొలుసుతో సహా వీపున ఎత్తుకున్నాడు. మనిషి పిల్లవాడంత బరువు కూడా లేడు. నీటిగుమ్మానికి పోవాలంటే ముంగిలి దాటాలి. అక్కడి నుంచి ఇల్లు.

వాళ్ళు ముంగిట్లో అడుగు పెట్టేసరికి ఆకాశంలోంచి నవ్వు వినబడింది.

"నా లేపనం వద్దన్నారుగా!" గొంతు మిగిలిన ఎనిమిది బురుజుల నుంచీ ఒక్కసారే వచ్చింది. "తీసుకుంటున్నాను!"

పాము కుబుసం విడిచినట్టు ఎనిమిది బురుజులూ మెరుపును విడిచాయి. తాటాకంత, తెరచాపంత అద్దపు పెచ్చులు మబ్బుల్ని ముక్కలు ముక్కలుగా మోసుకుంటూ రాలసాగాయి. ముంగిట పట్టాభిషేకానికి చేరిన వేల జనం హాహాకారాలు చేశారు. చేసి, మేఘవాటిలో పుట్టిన ప్రతివాడూ పైనుంచి ఏదన్నా పడితే చేసే పనే చేశారు. పుట్టినప్పటి నుంచి వానకు చేసిన పని అది. గోడల వారకు, చూరుల కిందకు పరుగెత్తారు.

ఎనిమిది గోడల కిందకు. నీళ్ళతో ఉబ్బి, ఊత లేకుండా, ఉన్న ఒక్క తొడుగూ జారిపోయిన ఎనిమిది గోడల కిందకు.

"బయటికి రండి! గోడలొదిలి నడిమికి రండి!" కేతోజు గొంతు చించుకున్నాడు. అతడి మొహాన మసి, వీపున గడ్డాల ఖైదీ. ఎవరు వింటారు? "పిచ్చోడా, తల పగులుద్ది, ఇటు రా!" అని వాళ్ళే అతణ్ణి పిలిచారు. దక్షిణపు బురుజు కింద తల్లులు పిల్లల్ని గోడకు మరింత దగ్గరగా నొక్కిపెట్టారు. ఆ గోడ పొట్ట వాళ్ళ నెత్తి మీదే ఉంది. దాని రాళ్ళ సందుల్లో నల్లటి బురద అప్పుడే చిప్పిల్లుతోంది.

"కేతూ, నన్ను దించు" అన్నాడు సూరోజు.

"ఎక్కడ?"

"ఇక్కడే. నట్టనడుమ."

"నాయనా, పెచ్చులు పడుతున్నాయి! నీటిగుమ్మానికి నూరడుగులు లేదు, పద!"

"నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఏ ఇల్లు పడినా, నేనెక్కడ కూర్చుంటే అది గట్టి చోటని జనం వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. నా మొహాన సున్నం తుడిచి జుట్టు వెనక్కి ముడివెయ్యి. నా మొహం కనబడాలి."

కేతోజు ఆయన్ను దించలేదు. దీని కోసమా ఇంత చేసింది? నాలుగు నెలలు తిండి సయించక, చెరలోంచి తెచ్చింది అద్దాల వాన కింద కూర్చోబెట్టడానికా? బెత్తెడు దూరంలో ఒక పెచ్చు పడి పగిలింది. తండ్రి ఎదురుచూస్తున్నాడు. కేతోజు ఆయన్ను రాతిపలకల మీద దించాడు. వాననీళ్ళతో ఆయన మొహం కడిగాడు. జుట్టు వెనక్కి ముడివేశాడు. సూరోజు మఠం వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎనిమిది బురుజుల నడుమ, ఇంటి అరుగు మీద కూర్చున్నంత నెమ్మదిగా కూర్చున్నాడు.

పది ఊపిరులు గడిచాయి. ఎవరూ కదల్లేదు.

దక్షిణపు గోడ కింద నుంచి, వెదురుబుట్టలమ్మే ఒక ముసలామె కళ్ళు చిట్లించి చూసింది. "అది మన సూరోజు కాదూ? వీడు చచ్చాడన్నారే!" అంది. తాటాకు గొడుగు తెరిచింది. పక్కవాళ్ళు కొంగు పట్టి లాగుతున్నా విదిలించుకుని, రాలుతున్న పెచ్చుల మధ్య వంగి వంగి నడిచి వచ్చి, ఆ గొడుగు సగం సూరోజు మీద పట్టి పక్కన చతికిలబడింది. "ఏం సూరోజూ, వానలో కూర్చున్నావు, మతి పోయిందా?"

"నీ బుట్టలు తడవవులే అత్తా. వాళ్ళను కూడా పిలువు" అన్నాడాయన.

ఆమె పిలిచింది. బుట్టల బేరానికి అలవాటు పడ్డ గొంతు అది. ముందు ఒక తల్లి వచ్చింది. తరవాత ఆరుగురు వచ్చారు. తరవాత ఒక కట్ట తెగినట్టు జనం గోడలొదిలి నడిమికి ప్రవహించారు. గొడుగులు, తట్టలు, పీటలు, ఏది దొరికితే అది నెత్తిన పెట్టుకుని, సూరోజు చుట్టూ ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. చివరి మనిషి పది అడుగులు దాటాడో లేదో, దక్షిణపు బురుజు మోకాళ్ళు మడిచినట్టు కూలింది. బురద కెరటం ముంగిట సగం దాకా వచ్చి, ముసలామె బుట్టలను తాకి ఆగింది.

కేతోజు తండ్రి తలను వెతికాడు. వందల తలల నడుమ, చిరిగిన తాటాకు గొడుగు కింద, అది కదులుతోంది. ఆయన చెయ్యి ఎత్తి ఎటో చూపిస్తున్నాడు.

కేతోజు అటు చూశాడు. ఉత్తరపు బురుజు నాలుగో అంతస్తు. బంగారు అంబారీలా ముందుకు పొడుచుకొచ్చిన మేడ. అక్కడ ఒక్కతే, కిరీటం ఇంకా పెట్టని తలతో, యువరాణి కువలయ నిలబడి ఉంది. వెనకనున్న తలుపును రెండు చేతులతో గుంజుతోంది. బురుజు ఒరగడంతో తలుపు చట్రంలో బిగిసిపోయింది. ఆమె కాళ్ళ కింద మేడను మోసే రాతి కొయ్యల్లో ఒకటి అప్పుడే ఊడి కింద పడింది.

ముంగిట నడుమ ఉన్న వేలమందిలో గోడల వైపు పరుగెత్తినవాడు కేతోజు ఒక్కడే. మొలలో ఉలి ఇంకా వెచ్చగానే ఉంది. రెండో రాతి కొయ్య కదలడం అతడు పరుగులోనే చూశాడు. పరుగు ఆపలేదు.